ఊపిరికి కాపలా

(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉర్దూ మాష్టారు ఇవాళ తెలుగులో మొదలుపెట్టాడేమిటని కొందరికి అనిపించవచ్చును. బడిలో నేను పాఠం చెప్పేది ఉర్దూలోనే. కాని ఆసుపత్రి వరండాలో రాత్రి రెండు గంటలకు నర్సమ్మతో మాట్లాడవలసి వచ్చినప్పుడు మనకు అక్కరకు వచ్చేది తెలుగే. పైగా ఈ సంచిక ఇంటికి చేరిన తరువాత చదివేది మన ఆడపిల్లలు, కోడళ్ళు. వారిలో చాలామందికి తెలుగు చదవడమే సులువు. వారికి అందేటట్లు చెప్పాలని నా కోరిక.

కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం “రోగి సేవ”. అది సముద్రమంత విషయం. అందులో నేను ఒక్క భాగమే తీసుకుంటాను. ఊపిరితిత్తులకు హఠాత్తుగా ప్రమాదం వచ్చిన రోగిని ఎట్లా చూసుకోవాలి, ఆసుపత్రిలో నర్సులు చేసే పని ఏమిటి, ఇంట్లో మనం చేయవలసినది ఏమిటి, చేయకూడనిది ఏమిటి, ఇంతవరకే. నేను డాక్టరును కాను. పదకొండు రోజులు ఐ.సి.యు. తలుపు బయట కూర్చున్న తమ్ముణ్ణి. అక్కడ చూసినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, ఆ తరువాత చదివినదీ మీ ముందు పెడుతున్నాను.

2019 ఫిబ్రవరి. గుంటూరులో మిర్చి సీజను. మా అన్నయ్య మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు గుమాస్తా. సీజనులో యార్డు మనుషులకు దగ్గు మామూలే. అన్నయ్యకు దగ్గు వచ్చింది, జ్వరం వచ్చింది. “ఘాటు దగ్గులే” అనుకున్నాము. మందుల షాపులో బిళ్ళలు తెచ్చాము. మూడవ నాటి రాత్రి మా వదిన నాకు ఫోను చేసి, “ఆయన పడుకోలేకపోతున్నారు, లేచి కూర్చుంటున్నారు” అని చెప్పింది. నేను ఏమన్నానో తెలుసా? “పొద్దున చూద్దాంలే వదినా” అన్నాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, ఆ ఒక్క మాటలో ఉన్న పాఠం నాకు తెలియలేదు.

తెల్లవారి వెళ్ళేసరికి గదిలో పదిహేను మంది ఉన్నారు. కిటికీ మూసి ఉంది. నిప్పుల మీద సాంబ్రాణి వేశారు. అన్నయ్యను వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద దిండు కూడా లేకుండా, చెంచాతో జావ పోస్తున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు. నేనూ వెళ్ళి ఒక చెంచా పోశాను. ఆయన “నాకు... ఊపిరి...” అని ఆగిపోయారు. ఒక వాక్యం పూర్తి చేయలేకపోయారు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. అప్పుడు 108కి ఫోను చేశాము. ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజను 78 అని చూపించింది. రెండు వైపులా న్యుమోనియా. ఊపిరితిత్తుల నిండా వాపు, నీరు. సాయంకాలానికి వెంటిలేటరు.

ఇక్కడ ఒక చిన్న సైన్సు పాఠం అవసరం. మన ఊపిరితిత్తులు కోట్లకొద్దీ చిన్న చిన్న గాలి బుడగల గుత్తి. ఆ బుడగ గోడ ఉల్లిపొర కంటె పలుచన. గాలిలోని ప్రాణవాయువు ఆ పొర దాటి రక్తంలోకి పోవాలి. న్యుమోనియా ముదిరినా, విషజ్వరం రక్తమంతా పాకినా, అన్నం నీళ్ళు పొరపాటున శ్వాసనాళంలోకి పోయినా, ఆ బుడగల్లోకి నీరు, చీము ఊరుతుంది. అప్పుడు గాలి లోపలికి పోతుంది గాని ప్రాణవాయువు రక్తానికి అందదు. ఈ స్థితి మరీ తీవ్రమైతే డాక్టర్లు ఏ.ఆర్.డి.ఎస్. అంటారు. దీనిని ఒక ప్రత్యేక స్థితిగా మొదట 1967లో అమెరికా డాక్టర్లు పన్నెండు మంది రోగులను చూసి వర్ణించారు. మనలో చాలామంది ఆ మాట విన్నది 2020లో కరోనా వచ్చాకనే.

దీని వైద్యంలో ఒక ముఖ్యమైన సంగతి నాకు పెద్ద డాక్టరు గారు చెప్పారు. మందు క్రిమిని చంపుతుంది. ఊపిరితిత్తి తనంతట తానే మానుతుంది. ఈ రెంటికీ నడుమ కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది. అన్నాళ్ళూ మనిషిని నిలిపి ఉంచాలి. వెంటిలేటరు కూడా జబ్బు నయం చేయదు, ఊపిరి అందించి వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో రోగిని గంట గంటకూ కాపాడేది తీమార్‌దారీ. మన ఉర్దూలో ఎంత మంచి మాట అది! దాన్ని మనం “రోగి పక్కన కూర్చోవడం” అనుకుంటాం. అది ఎంత పెద్ద విద్యో ఆ పదకొండు రోజుల్లో నాకు తెలిసింది.

రాత్రి డ్యూటీలో ఒక సిస్టరు ఉండేవారు. పల్నాడు వైపు పల్లెటూరి ఆవిడ. పేరు చెప్పను. గంటకొకసారి వచ్చి ఊపిరి, నాడి, బి.పి., ఆక్సిజను, జ్వరం, మూత్రం ఎంత వచ్చింది, అన్నీ పెద్ద కాగితం మీద రాసేవారు. రెండవ రోజు లోపలికి పంపినప్పుడు నేను విసుగుగా, “యంత్రం చూపిస్తూనే ఉంది కదమ్మా, మళ్ళీ రాయడమెందుకు?” అన్నాను. ఆవిడ రాస్తూనే, “యంత్రం ఇప్పటిది చూపిస్తుంది సార్. మూడు గంటల నుంచీ కొంచెం కొంచెంగా దిగజారుతున్న సంగతి రాస్తేనే తెలుస్తుంది. మీరు పిల్లలకి మార్కుల రిజిస్టరు రాయరా?” అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆ వార్డులో ఏమేమి చేస్తారో చెబుతాను వినండి. అన్నీ చిన్న పనులే. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రమాదానికి అడ్డుకట్ట.

మొదటిది, మంచం తల వైపు ఎత్తి ఉంచడం. సుమారు 30 నుంచి 45 డిగ్రీలు. చదునుగా పడుకుంటే పొట్టలోది పైకి తన్ని శ్వాసనాళంలోకి జారుతుంది. ఉన్న న్యుమోనియా మీద కొత్త న్యుమోనియా వస్తుంది.

రెండవది, నోటి శుభ్రత. గొట్టం పెట్టిన మనిషి ఉమ్మలేడు, మింగలేడు. నోటిలోని క్రిములు కిందికి దిగుతాయి. అందుకని వేళ తప్పకుండా నోరు తుడుస్తారు. గొట్టంలో కఫం చేరితే సన్నని పైపుతో తీస్తారు. చేతులు కడుక్కోకుండా, గ్లవుజులు లేకుండా దానిని ముట్టుకోరు.

మూడవది, రెండేసి గంటలకు ఒత్తిగిలించడం. లేకపోతే నడుము మీద, మడమల మీద పుండ్లు పడతాయి. ఊపిరితిత్తి జబ్బుతో వచ్చిన మనిషి నడుము పుండుతో పోయిన సందర్భాలు ఉన్నాయని డాక్టరు గారే చెప్పారు.

నాలుగవది, గొట్టం ద్వారా ఆహారం. ఐదవది, కళ్ళు ఎండిపోకుండా చూడటం. ఆరవది, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా చూడటం. ఏడవది, మాట్లాడటం. అవును, స్పృహలో లేనట్లున్న రోగితో కూడా ఆ సిస్టరు మాట్లాడేవారు. “అన్నయ్యా, ఇప్పుడు కఫం తీస్తున్నా, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది” అని చెప్పి మరీ చేసేవారు.

తొమ్మిదవ రోజున మత్తు తగ్గించారు. అన్నయ్య బెదిరిపోయి గొట్టం లాగేయబోయారు. తెలుగు బాగా వచ్చిన మనిషే గాని, ఆ స్థితిలో ఏ మాటా తలకెక్కలేదు. అప్పుడా సిస్టరు నన్ను పిలిచి, “ఊపిరి పీల్చండి, దగ్గండి, భయం లేదు, ఈ మూడూ మీ భాషలో ఎట్లా అంటారో తెలుగు అక్షరాలతో రాసివ్వండి” అన్నారు. రాసిచ్చాను. “సాన్స్ లో భాయీ. ఖాన్సో. డరో మత్.” ఆవిడ ఆ చీటీ మంచం తలవైపు అంటించి, పల్నాటి యాసలో చదువుతుంటే అన్నయ్య కళ్ళు ఆమె వైపు తిరిగాయి. నేను ఎన్నో ఏళ్ళుగా ఉర్దూ బోధిస్తున్నాను. నేను రాసిన ఉర్దూ ఒక మనిషిని నిలబెట్టడం అదే మొదటిసారి.

ఇంకొక సంగతి. మా ఖాలా గారు జమ్‌జమ్ నీళ్ళు తెచ్చి, రెండు చుక్కలు నోట్లో పోయమని పట్టుబట్టారు. సిస్టరు పోయనివ్వలేదు. నేను కోపం తెచ్చుకున్నాను. గొంతు పెంచి మాట్లాడాను, ఇవాళ సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఆవిడ డ్యూటీ డాక్టరు గారిని అడిగి వచ్చి, “నోట్లో పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి సార్. దూదితో పెదవులు తడుపుతాను, చాలునా?” అన్నారు. తడిపారు. ఖాలా గారు బయట దువా చేసుకున్నారు. ఆమె మన మతం మనిషి కాదు. మన మనస్సు నొప్పించకుండా, రోగికి హాని జరగకుండా దారి చూపించింది. తీమార్‌దారీ అంటే అది.

ఇక బోర్లా పడుకోబెట్టడం గురించి. నాలుగవ రోజున ఆక్సిజను ఎంత పెంచినా అందకపోతే, అన్నయ్యను బోర్లా తిప్పుతామన్నారు. “ఊపిరి అందని మనిషిని బోర్లా వేస్తారా!” అని ఇంట్లో గగ్గోలు. కారణం విన్న తరువాత నెమ్మదించాము. వెల్లకిలా ఉంటే గుండె, పొట్ట బరువు ఊపిరితిత్తుల వెనుక భాగాన్ని నొక్కుతుంది. అసలు ఊపిరితిత్తి ఎక్కువ ఉన్నది వీపు వైపే. బోర్లా తిప్పితే ఆ భాగం విచ్చుకుంటుంది. ఐదుగురు కలిసి, గొట్టం పట్టుకొని ఒకరు తల దగ్గర నిలబడి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి తిప్పారు. ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెట్టారు. ముఖం మీద పుండు పడకుండా మెడను ఇటూ అటూ మార్చారు. ఇందులో గొట్టం జారితే ప్రాణం పోతుంది. 2013లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఫ్రాన్సు, స్పెయిను దేశాల ఆసుపత్రులలో 466 మంది తీవ్ర రోగులను చూశారు. వెల్లకిలా ఉంచినవారిలో 28 రోజుల్లో నూటికి సుమారు 33 మంది పోగా, రోజుకు 16 గంటలకు తగ్గకుండా బోర్లా ఉంచినవారిలో 16 మంది పోయారు. మందు మార్చలేదు. మనిషిని తిప్పే విధానం మార్చారు.

అంతకు ముందు 2000లో అమెరికాలో జరిగిన పరిశోధన కూడా ఇటువంటిదే. వెంటిలేటరుతో పెద్ద పెద్ద ఊపిరులు కొట్టిస్తే వాచిన ఊపిరితిత్తి ఇంకా దెబ్బతింటుందనీ, చిన్న చిన్న ఊపిరులు ఇస్తే మరణాలు నూటికి 40 నుంచి 31కి తగ్గాయనీ తేలింది. జోరు కంటె నిదానమే రక్షించింది.

యంత్రాలు చాలినన్ని లేని రోజుల్లో ఏమి చేశారో కూడా చెప్పాలి. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. పిల్లలకు కాళ్ళు చేతులే గాక ఊపిరి కండరాలు కూడా పడిపోయాయి. యంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అటువంటి రోగుల్లో నూటికి 80 మందికి పైగా పోతున్నారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు పన్నెండేళ్ళ బాలిక గొంతులో రంధ్రం చేయించి గొట్టం అమర్చి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ పిల్ల బ్రతికింది. ఆ పైన సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబగళ్ళు, నెలల తరబడి రోగుల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. మరణాలు సగానికంటె తక్కువకు దిగాయి. ఈనాటి ఐ.సి.యు.లకు మూలం అదే. అనగా ఐ.సి.యు. పుట్టినది మనిషి చేతిలో, రోగి పక్కన కూర్చున్న పిల్లల ఓపికలో. విద్యార్థులు ఇక్కడ కూర్చున్నారు గనుక ఈ సంగతి ప్రత్యేకించి చెబుతున్నాను.

మన చరిత్రలో కూడా ఇటువంటి పేరు ఉంది. మదీనాలో హజ్రత్ రుఫైదా (రజి) గాయపడినవారికి సేవ చేసేవారనీ, ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గారిని ప్రవక్త (స) ఆమె గుడారంలోనే ఉంచమన్నారనీ చరిత్రకారులు రాశారు. ఆ గుడారం ఉన్నది మసీదు ఆవరణలో. ఈ పేరు మన ఆడపిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇక ఇంటి సంగతి. ఆసుపత్రికి ముందు జరిగే తీమార్‌దారీ మన చేతిలోనిది. దయచేసి ఈ నాలుగు సంగతులు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. రోగి ఊరక కూర్చుని ఉన్నప్పుడు, “లెక్కపెడుతున్నాను” అని చెప్పకుండా, ఛాతీ లేచి దిగడం ఒకటి చొప్పున, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కించాలి. సగం నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే తప్పులు వస్తాయి. పెద్దవారికి నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 25 దాటితే ఆలస్యం చేయరాదు. 30 అయితే వెంటనే ఆసుపత్రి. పిల్లల లెక్క వేరు. రెండు నెలల లోపు పసిబిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ళ లోపు పిల్లకు 40, ఈ అంకెలకు చేరితే న్యుమోనియా అని అనుమానించాలి. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే అంకె చూడనక్కర లేదు, ఎత్తుకుని పరుగెత్తండి. డొక్క మీద వాత పెట్టే పాత పద్ధతి అక్కడక్కడ ఇంకా ఉన్నదని వింటున్నాను. అది బిడ్డకు రెండో గాయం. నయం కాదు.

వేలి క్లిప్పు, అనగా పల్స్ ఆక్సీమీటరు, వాడటం తెలుసుకోండి. జపాను ఇంజనీరు టకువో అయోయాగి 1974 ప్రాంతంలో దాని సూత్రం కనిపెట్టాడు. ఆయన 2020లో, లోకమంతా ఆ క్లిప్పుల కోసం వెతుకుతున్న నాళ్ళలోనే కన్నుమూశాడు. గోళ్ళరంగు తుడిచి, చెయ్యి వెచ్చబరచి, కదలకుండా నిమిషం పాటు ఉంచి చూడాలి. 94 కంటె తగ్గితే డాక్టరుకు చెప్పాలి. 90 కంటె తగ్గితే ప్రమాదం. చామనచాయ, నలుపు చర్మం మీద అది ఒక్కోసారి ఉన్నదానికంటె ఎక్కువ చూపవచ్చును. అందుచేత అంకె బాగుందని మనిషిని చూడటం మానకండి. వాక్యం పూర్తి చేయలేకపోవడం, మెడ కండరాలు లాగడం, పెదవులు నీలం కావడం, మగతగా పొంతన లేకుండా మాట్లాడటం, ఇవి అంకె కంటె పెద్ద గుర్తులు. ముసలివారికి జ్వరం లేకుండానే న్యుమోనియా రావచ్చును. నిన్నటిదాకా బాగున్న అమ్మీజాన్ ఇవాళ మనుషులను గుర్తుపట్టకపోతే, వయస్సు అని ఊరుకోకండి.

108 వచ్చేలోపల చేయవలసినది కొంచెమే. రోగిని వెనుక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. కిటికీలు తెరవండి. బట్టలు వదులు చేయండి. ఆయాసంలో ఉన్న మనిషి నోట్లో జావ, కాఫీ, నీళ్ళు బలవంతంగా పోయకండి. సాంబ్రాణి, ఊదుబత్తి, బీడీ ఏదీ దగ్గరకు రానివ్వకండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడు బిళ్ళలు మింగించకండి. అయాదత్ పుణ్యమే, కాని అది గది నిండా జనమై నిలబడటం కాదు. ఇద్దరు లోపల ఉంటే చాలు. మిగిలినవారు బయట దువా చేయవచ్చును, రక్తం ఇవ్వవచ్చును, రోగి ఇంటి పిల్లలకు అన్నం పెట్టవచ్చును.

ఆక్సిజను మందు వంటిది. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన కుర్రవాళ్ళు సిలిండర్ల కోసం రాత్రులు తిరిగారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక. ఆ రోజుల్లో ప్రభుత్వం ఇంట్లో ఉన్న కరోనా రోగులను బోర్లా పడుకోమని కూడా చెప్పింది, భోంచేసిన గంట వరకు వద్దనీ, గర్భిణులు చేయరాదనీ జాగ్రత్తలు చెప్పింది. అప్పుడే కొన్ని పొరపాట్లు కూడా చూశాము. ఎంత తిప్పితే అంత మంచిదని చుట్టాలు నాబ్ తిప్పేవారు. ఏళ్ళ తరబడి బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైన కొందరికి ఆక్సిజను మితిమీరితే మగత వచ్చి ఊపిరి మందగిస్తుంది. ఎంత ఇవ్వాలో డాక్టరు చెప్పాలి, నర్సు తిప్పాలి. ఇక సిలిండరు ఉన్న గదిలో అగ్గిపుల్ల, ఊదుబత్తి, గ్యాసు పొయ్యి ఉండరాదు. ఆక్సిజను తనంతట మండదు గాని, మంటను పదింతలు చేస్తుంది.

ఇంటికి వచ్చిన తరువాత కూడా సేవ పూర్తి కాదు. మా అన్నయ్య బరువు సగం దిగజారినట్లు కనిపించేవారు. గ్లాసు ఎత్తలేకపోయారు. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచేవారు. మూడు గోళీల యంత్రంలో గాలి పీల్చి ఒక గోళీ లేపడానికి వారం, మూడు గోళీలు లేపడానికి రెండు నెలలు పట్టింది. ఆరు నెలలకు మసీదు దాకా నడిచారు. యార్డు దుమ్ము ఇక వద్దన్నారు డాక్టర్లు. ఇప్పుడు పుస్తకాల షాపులో కూర్చుంటున్నారు, జీతం తక్కువే. ఆయన మూడవ వరుసలో ఉన్నారు. నన్ను ఆపమని సైగ చేస్తున్నారు. ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను భాయీజాన్.

ఈ మాట చెప్పడానికే నేను ఇవాళ వచ్చాను. 2012లో నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇంటరు పాసైంది. నర్సింగు చదువుతానన్నది. తండ్రి నా సలహా అడిగారు. నేను, “రాత్రి డ్యూటీలు, మగ రోగులు, మన ఇంటి పిల్లలకు బాగుండదు, టీచరు ట్రైనింగు చేయించండి” అన్నాను. ఆ సీటు రాలేదు. పెళ్ళయింది. మంచి పిల్ల, సుఖంగానే ఉంది. కాని ఆ పదకొండు రాత్రులు ఐ.సి.యు. తలుపు అద్దంలోంచి చూస్తున్నప్పుడు ఆమె నాకు గుర్తుకు వచ్చింది. నా అన్న ప్రాణం ఎవరి ఇంటి ఆడపిల్ల చేతిలో ఉన్నదో, ఆ ఇంటి తండ్రికి ఎవరూ నాలాంటి సలహా ఇవ్వలేదు. మన ఇంటి ఆడవారు ఆసుపత్రికి వెళితే “ఆడ నర్సే కావాలి” అని అడుగుతాము. ఆ నర్సు ఎక్కడినుంచి రావాలి? వేరే వాళ్ళ పిల్లలు రాత్రిళ్ళు మేలుకోవాలి, మన పిల్లలు మాత్రం వద్దు, అనడం న్యాయమేనా? ఇది నేను మిమ్మల్ని అడగడం లేదు. నన్ను నేనే అడుగుతున్నాను.

తండ్రుల భయం నేను కొట్టిపారేయను. హాస్టలు ఎట్లాంటిదో చూడాలి. రాత్రి డ్యూటీకి రాకపోకలు చూడాలి. అవన్నీ పెద్దలు పోయి కనుక్కోవలసిన విషయాలు, పిల్ల చదువు ఆపవలసిన కారణాలు కావు. జి.ఎన్.ఎం. కోర్సు మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ళు. మన ఉర్దూ మీడియం పిల్లలకు అసలు అడ్డంకి ఇంగ్లీషు. పాఠాలన్నీ అందులోనే.

అందుచేత సంఘానికి మూడు మనవులు చేస్తున్నాను. ఒకటి, సంఘం తరఫున పది ఆక్సీమీటర్లు కొని, మొహల్లాకు ఒకటి చొప్పున బాధ్యత గల ఇంట్లో ఉంచాలి. రెండు, ఏడాదికి నాలుగుసార్లు అనుభవం గల నర్సమ్మలను పిలిచి, మన ఆడవారికి, కుర్రవాళ్ళకు ఊపిరి లెక్క, రోగిని ఒత్తిగిలించడం, చేతుల శుభ్రత నేర్పించాలి. మూడు, ఏటా కనీసం ఒక్క ఆడపిల్లకు నర్సింగు చదువు ఖర్చు సంఘం భరించాలి. ఆ పిల్లలకు ఇంగ్లీషు, సైన్సు సాయంత్రాలు నేను చెబుతాను. పైసా అక్కరలేదు. 2012లో ఇచ్చిన సలహాకు ఇది నా వంతు బాకీ.

చివరిగా, ఇవాళ ఇంటికి వెళ్ళి, నిద్రపోతున్న మీ అమ్మగారి పక్కన గడియారం పట్టుకుని ఒక్క నిమిషం కూర్చోండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆమె ఊపిరి ఎన్నో తెలుసుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తేడా వచ్చిన నాడు ఆ కాగితమే మీకు చెబుతుంది. ఆనాడు, “పొద్దున చూద్దాంలే” అని మాత్రం అనకండి.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, వారి పక్కన మేలుకొని ఉన్నవారికి ఓపిక ఇచ్చుగాక.